చివరి మూడు పాదాలు

నేరేడ్‌మెట్, సికింద్రాబాద్
ఆగస్టు 18

కాంతమణి గారికి,

కుసుమకుమారి రాస్తున్నాను. ఫేస్‌బుక్‌లో మన 'తొలకరి కవిమిత్రులు' గుంపులో శుక్రవారం శుక్రవారం విమర్శ రాసే కుసుమకుమారిని. మనం ఎప్పుడూ కలుసుకోలేదు. మీ ఫొటో ఉండాల్సిన చోట చేమంతి పువ్వు, నా ఫొటో ఉండాల్సిన చోట మా ఇంటి గేటు. ఊరు ఒకటే అయినా పువ్వుకీ గేటుకీ పరిచయం అంతవరకే.

మీరు గుంపు వదిలేశారు. ఫేస్‌బుక్ మూసేశారు. ఫోన్ చేస్తే నా పేరు వినగానే పెట్టేశారు. ఇంక మిగిలింది పోస్టు డబ్బా ఒక్కటే. పోయినేడు మన సంకలనం కాపీలు అందరికీ పంపించింది నేనే కాబట్టి మీ అడ్రసు నా దగ్గర ఉంది. కోపంతో చించేసే ముందు దయచేసి ఒక్కసారి చదవండి.

జరిగింది నాకు అర్థమైనంతలో ఇది. రాఖీ పండగ వారం కదా, అడ్మిన్ ఉదయ్ భాస్కర్ ఆ వారానికి ఇచ్చిన అంశం 'రక్తబంధం'. సోమవారం నుంచి గుంపులో ఒకటే నెత్తురు. అన్నాచెల్లెళ్ల నెత్తురు, సైనికుల నెత్తురు, ఒకాయన దోమ మీద కూడా రాశాడు. శుక్రవారం మధ్యాహ్నం మీది వచ్చింది. పైన 'రక్తం' అని శీర్షిక.

ఓ నెగెటివ్
ఆయనకు ప్లేట్‌లెట్లు
పడిపోతున్నాయి
ఎవరైనా
ఎవరైనా

ఆ తర్వాత ఒక పాదంలో ఆసుపత్రి పేరూ అంతస్తూ, ఇంకో పాదంలో 'ఇప్పుడే రండి', ఆఖరి పాదంలో మీ ఫోన్ నంబరు.

దాని కింద వరసగా 'అద్భుతం', 'అద్భుతం మేడమ్', 'మీ కలానికి వందనం', దండాలు, గులాబీలు. వీళ్లకి పెళ్లి శుభలేఖ చూపించినా అద్భుతమే, కరెంటు బిల్లు చూపించినా అద్భుతమే. నాకు ఒళ్లు మండింది. వాళ్లలా ఊరికే పొగడకూడదని, శ్రద్ధగా రెండుసార్లు చదివి నా అభిప్రాయం రాశాను. అదే నేను చేసిన ఘోరం.

ఆదివారం పొద్దున ఆ పురుషోత్తం, మోండా మార్కెట్‌లో స్టీలు సామాన్ల షాపాయన, మీ పోస్టు కింద కామెంటులో పెట్టాడు. అది కవిత కాదు, కాంతమణి గారి భర్త తుకారాం గారికి డెంగీ, రక్తం కోసం ఆవిడ అడిగిన అడుగు అని. నాకు చేతిలో కాఫీ అలాగే ఉండిపోయింది. ఒక మనిషి ప్రాణం కోసం పిలుస్తుంటే నేను కూర్చుని పునరుక్తి దోషం వెతికాను.

క్షమించమని అడగడానికి మొహం చెల్లడం లేదు. అయినా అడుగుతున్నాను. తుకారాం గారు ఎలా ఉన్నారు? ఆ ఒక్క మాట రాయండి చాలు.

కుసుమకుమారి


పాత బోయిన్‌పల్లి, సికింద్రాబాద్
ఆగస్టు 29

కుసుమకుమారి మేడమ్ గారికి,

మీ ఉత్తరం అందింది. నేరేడ్‌మెట్ నుంచి ఇక్కడికి రావడానికి వారం దాటింది. మధ్యలో ఎక్కడ తిరిగొచ్చిందో దానికే తెలియాలి.

ఉత్తరం చదివాను. శ్రద్ధగా రెండుసార్లు చదివాను, మీలాగే. నా అభిప్రాయం చెప్పమంటారా? మొదటి పేజీ అనవసరం. 'అద్భుతం' అన్నవాళ్ల మీద కోపం ఎక్కువైంది, మీ మీద తక్కువైంది. ఆ భాగం తీసేస్తే ఉత్తరం నిలబడుతుంది.

మీరు రాయనిది ఒకటుంది. నేను రాస్తాను. మీ విమర్శ నాకు నోటికి వచ్చు. 'ఆధునికత ఉంది. ఎవరైనా అన్న మాట రెండుసార్లు అవసరం లేదు. చివరి మూడు పాదాల్లో వివరాలు ఎక్కువై ఆర్ద్రత తగ్గింది. అవి తీసేస్తే మంచి కవిత.' ఇంతే కదా?

మన గుంపులో శుక్రవారం పద్ధతి మీకు నేను చెప్పాలా? మీరు దిద్దినట్టు ఉదయ్ భాస్కర్ 'సవరించిన పాఠం' తయారుచేసి గుంపు నెత్తిన పెడతాడు. అసలుది కిందికి పోతుంది. ఆ రోజు సుత అదే చేశాడు. ఆసుపత్రి పేరు తీసేశాడు. 'ఇప్పుడే రండి' తీసేశాడు. నా నంబరు తీసేశాడు. పైన మిగిలింది నెత్తురూ, ఒక్క 'ఎవరైనా'. చుట్టూ పూల బొమ్మ కట్టి పెట్టాడు. జనం దాన్నే షేర్ చేసుకున్నారు.

నేను ఆసుపత్రి వరండాలో గోడకు ఆనుకొని నిలబడి ఫోన్ చూస్తున్నా. టింగ్ అంటే ఎవరో వస్తున్నామని రాశారనుకుంటా. తీస్తే గులాబీ. మళ్లీ టింగ్. మళ్లీ గులాబీ. నల్లగొండలో మా ఆడపడుచు సుత ఆ పూల బొమ్మదాన్ని చూసి, 'వదినా ఎంత బాగ రాసినవ్' అని పెట్టింది. వాళ్ల సొంత అన్న అక్కడ మంచం మీద పడి ఉన్నడు. ఆ ముచ్చట ఆమెకు తెల్వదు, ఎందుకంటే తెలిసే లైన్లు మీరు కొట్టేయించారు.

ఆయన ఎలా ఉన్నారని అడిగారు. మీకెందుకు చెప్పాలి?

కాంతమణి


నేరేడ్‌మెట్
సెప్టెంబరు 6

కాంతమణి గారూ,

మీరు రాసిన ప్రతి అక్షరం నిజం. సవరించిన పాఠం గురించి కావాలనే రాయలేదు. మీరు గమనించి ఉండరని ఆశపడ్డాను. ఎంత బుద్ధితక్కువ ఆశ.

నేను రైల్వే ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాను. నా పనే వచ్చిన కాగితాల్లో ఎక్కువైన మాటలు కొట్టేసి పైకి పంపడం. నా కింద పనిచేసిన వాళ్లు నా బల్ల దగ్గరికి రావాలంటే ఝడిసేవాళ్లు. ఆ చేతి అలవాటు రిటైరైనా పోలేదు. ఏ కాగితం కనబడినా ఎక్కడ కత్తిరిద్దామా అనే చూస్తాను. మా ఆయన సరుకుల చీటీ రాసిస్తే దాన్ని కూడా దిద్దుతానని ఇంట్లో పేరు.

పోస్టు తీసేయమని ఉదయ్ భాస్కర్‌కి ఫోన్ చేశాను. ఆ మనిషితో మాట్లాడటం కంటే గోడతో మాట్లాడటం నయం. దానికి గుంపు చరిత్రలో ఏ కవితకీ రానంత స్పందన వచ్చిందట. ఇప్పుడు తీసేస్తే సభ్యుల మనోభావాలు దెబ్బతింటాయట. అది కవిత కాదయ్యా బాబూ అంటే, 'పాఠకుడు కవితగా స్వీకరించాక అది కవితే మేడమ్' అన్నాడు. మనిషి పోతే అన్నాను. 'నివాళి సంచిక వేసేవాళ్లం' అన్నాడు. కాంతమణి గారూ, నేను ఫోన్ విసిరికొట్టాను. సోఫా మీద పడింది కాబట్టి బతికింది.

ఒక్కటి మాత్రం నాకు ఎంత ఆలోచించినా తెగడం లేదు. కోప్పడకండి. అంత కంగారులో కూడా మీరు శీర్షిక ఎందుకు పెట్టారు? పాదాలు ఎందుకు విరిచారు? 'మా ఆయనకు రక్తం కావాలి, ఫలానా ఆసుపత్రికి రండి' అని మామూలుగా ఒక్క ముక్క రాసి ఉంటే ఇంత జరిగేదా?

తుకారాం గారి సంగతి మళ్లీ అడుగుతున్నాను. చెప్పకపోతే మళ్లీ అడుగుతాను.

కుసుమకుమారి


పాత బోయిన్‌పల్లి
సెప్టెంబరు 15

మేడమ్,

నేను ఉత్తరాలు పుస్తకాల తెలుగులో రాద్దామని కూర్చుంటాను. మీరు ఏదో ఒకటి అని మా ఇంటి తెలుగు బయటికి తీస్తారు.

ఎందుకు విరిచినవ్ అంటారా? వినండి. జూన్‌లో నాగసాయి అని కొత్తగా చేరిన పిల్లవాడు, వాళ్ల అమ్మ ఆపరేషన్‌కు రక్తం కావాలని మన గుంపులో పెట్టాడు. మీరన్నట్టే మామూలుగా, ఒక్క ముక్కలో. ఉదయ్ భాస్కర్ దాన్ని ఆమోదించలేదు. 'కవిత్వేతర అంశాలకు అనుమతి లేదు' అని వాడికి తాఖీదు పంపాడు. వాడు అలిగి గుంపులోంచి పోతూ పోతూ నాకు చెప్పి పోయాడు. అడ్మిన్ చూసి సరే అంటేనే మన గుంపులో ఏదైనా కనబడేది. ఆ సంగతి మీకు తెలియదా?

ఆ రోజు నేను ముందు ఎవర్ని అడగలేదనుకున్నారు? ఈ ఊళ్లో ఉన్న చుట్టాలందరికీ చేశాను. మా ఆయన కూరగాయల మార్కెట్‌లో కమీషన్ దుకాణంలో లెక్కలు చూస్తాడు, అక్కడ హమాలీలు, సేట్లు, అందరికీ చేశాను. ఎవరిదీ ఆ గ్రూపు రక్తం కాదు. ఫోన్‌లో పేర్లు అయిపోయినై. అప్పుడు గుర్తుకొచ్చారు మీరంతా. రోజూ పొద్దున లేస్తే 'మీ వెంటే ఉన్నాం కాంతమణి గారూ' అనేవాళ్లు అంతమంది ఉన్నారు కదా, ఒక్కరన్నా రారా అనుకున్నా.

మామూలుగా రాస్తే అడ్మిన్ ఆపుతాడు. అందుకని కవితలెక్క రాసిన. శీర్షిక పెట్టిన. లైన్లు విరిచిన. ఆసుపత్రి వరండాలో కూర్చొని విరిచిన మేడమ్. 'ప్లేట్‌లెట్లు' తర్వాత విరవాలా 'పడిపోతున్నాయి' తర్వాత విరవాలా అని సుత ఒక్క క్షణం ఆలోచించిన. దానికి నన్ను నేను ఇప్పటికీ తిట్టుకుంటున్న. ఉదయ్ భాస్కర్ కళ్లు కప్పాలంటే అది కవిత కావాలె. మీరు కదలాలంటే అది కవిత కావద్దు. రెండూ ఒక్కసారే ఎట్ల రాస్తరో జెర మీరే నేర్పండి. శుక్రవారం విమర్శలో చెప్పండి.

ఇంకో ముచ్చట. నిన్న ఒక కొరియర్ వచ్చింది. విప్పితే అట్ట మీద బంగారు రంగు అక్షరాలు. 'ఆగస్టు మాసపు ఉత్తమ కవిత: రక్తం'. పక్కన ఉదయ్ భాస్కర్ సంతకం. అందరి అడ్రసులు సంకలనం అప్పుడు మీరే ఇచ్చారటగా ఆయనకు.

నాకు ఏడుపొచ్చింది. మా ఆయన నా చేతిలోంచి తీసుకొని, తిప్పి తిప్పి చూసి, నవ్వడం షురూ చేసిండు. దగ్గొచ్చేదాక నవ్విండు.

అవును. ఉన్నడు. ఇంటికి వచ్చి రెండు వారాలు దాటింది. మీరు మళ్లీ మళ్లీ అడుగుతుంటే దాచి పెట్టుడు నాకే ఇబ్బందైంది. మిమ్మల్ని కొన్నాళ్లు పరేషాన్ చేయాలనే చెప్పలేదు. అయ్యారు కదా?

కాంతమణి


నేరేడ్‌మెట్
సెప్టెంబరు 23

కాంతమణి గారూ,

అయ్యాను. బాగా అయ్యాను. మీ ఉత్తరంలో ఆ 'ఉన్నడు' దగ్గరికి వచ్చేసరికి కళ్లజోడు తీసి తుడుచుకోవాల్సి వచ్చింది. మా ఆయన ఏమైందని కంగారుపడ్డారు. నిజంగా సంతోషంగా ఉంది. మీ మీద కోపంగా కూడా ఉంది. ఈ నెల రోజులూ నేను పేపర్లో నివాళి ప్రకటనల పేజీ తెరవాలంటే భయపడ్డాను.

నాగసాయి సంగతి నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా ఎప్పుడూ అనుకోలేదు. అడ్మిన్ వడపోసి పెట్టినదే చదివి, గుంపంటే ఇదే అనుకున్నాను.

మీరు పురుషోత్తం పేరు రాయలేదు కానీ రక్తం తెచ్చింది ఆయనేనని విన్నాను. ఉండబట్టలేక మోండా మార్కెట్‌కి వెళ్లాను. మార్కెట్‌లో మనిషి కదలడానికి సందు లేదు, ఉల్లిపాయల బస్తాల మీంచి దాటుకుంటూ, ఇద్దరిని అడిగితే ఇద్దరూ చెరో వైపు చూపిస్తే, చివరికి ఆ షాపు దొరికింది. గుంపులో అందరికంటే ముందు 'అద్భుతం' పెట్టేది ఆయనే. ఆయన మీద నేను ఎన్ని శుక్రవారాలు ఎన్ని సెటైర్లు వేశానో మీరు చూశారు. ఆయన మాత్రం స్టూలు తుడిచి కూర్చోబెట్టి, చాయ్ తెప్పించాడు.

అసలు మీరు అది కవిత కాదని ఎలా కనిపెట్టారండీ అని అడిగాను. ఆయన నా వంక వింతగా చూశాడు.

"కనిపెట్టుడేముంది అక్కా. నేను ముందుగాల అద్భుతం పెడ్త. సదువుడు గిరాకి లేనప్పుడు. ఆ దినం జెర సేపటికి సదివిన. ఫోన్ నంబర్ ఉండె. చేసిన. గంతే."

ఆయన చూసింది మీ అసలు పోస్టు, మొదట్లోనే దాని కింద 'అద్భుతం' పెట్టి ఉంచాడు కాబట్టి. తర్వాత షాపు తమ్ముడికి అప్పజెప్పి, మార్కెట్ అంతా తిరిగి అరిచి, అదే గ్రూపు రక్తమున్న గాజుల దుకాణం కుర్రాణ్ణి స్కూటర్ మీద ఎక్కించుకుని మీ దగ్గరికి వచ్చాడట. ఇదంతా గరిటెలకి ధర చెప్పినట్టు చెప్పాడు. నేను శ్రద్ధగా రెండుసార్లు చదివినదాన్ని. నంబరు చూశాను. 'అంకెలు కవిత్వాన్ని చెడగొడతాయి' అనుకున్నాను. అది ఆయనకి చెబితే ఏమంటాడో అని చెప్పకుండా వచ్చేశాను.

గుంపు వదిలేశాను. వదిలేముందు ఉదయ్ భాస్కర్ గురించి పెద్ద పోస్టు రాశాను. కవిత్వేతర అంశమని ఆపేశాడు.

ఇప్పుడు నాది ఒక్కటే కోరిక. మీరు రాస్తున్నారా? ఆ వాడకట్టు మీద, కూరగాయల లారీల మీద మీరు రాసే చిన్న చిన్నవి నాకు ఇష్టం. ఎప్పుడూ చెప్పలేదు, తప్పులే చెప్పాను. ఏదైనా రాస్తే నాకు పోస్టులో పంపండి. నేను నోరెత్తను.

కుసుమకుమారి


పాత బోయిన్‌పల్లి
అక్టోబరు 4

కుసుమక్కకు,

పురుషోత్తం నిన్ను అక్క అన్నాడని రాశావు కదా, ఆయన అన్నాక నేను మేడమ్ అంటే బాగుండదని మార్చాను. 'గారు' సుత తీసేశాను. అనవసరమైన మాటలు తీసేయడం నీకు ఇష్టం కదా.

మా ఇంటి తక్లీఫ్ విను. డెంగీ అయినా భరించొచ్చు కానీ డెంగీ తగ్గిన మొగోణ్ణి భరించలేం. పొద్దున దానిమ్మ రసం కావాలె. అది తాగుతుంటే బొప్పాయి ఆకు రసం ఎందుకు ఇయ్యలేదని. అది ఇస్తే చేదని. మధ్యాహ్నం చేపల కూర అంటాడు, డాక్టర్ వద్దన్నాడంటే డాక్టర్‌కు ఏం తెలుసంటాడు. రోజంతా మంచం మీద కూర్చొని ఆ సర్టిఫికెట్ గోడకు ఎక్కడ కొట్టాలని చర్చ. చూడటానికి ఎవరొచ్చినా నన్ను పిలిచి, గొంతు సవరించుకొని, ఆ కవిత చదివి వినిపిస్తాడు. ఏది అనుకున్నావ్? సవరించిన పాఠం. మా ఆడపడుచు షేర్ చేసిందే, పూల బొమ్మతోని.

నా పానం పోయేటట్టున్న దినం రాసింది అది, దాన్ని గిట్ల చదువుతవా అని నిన్న తిట్టిన. ఏమన్నడో తెలుసా?

"ఆ మేడమ్ చెప్పింది సుత నిజమే గదనే. ఆఖరి మూడు లైన్లు తీసేస్తెనే ముచ్చటగున్నది."

ఎవరి కోసం ఆ మూడు లైన్లు రాసిననో ఆ మనిషే అన్నడు అక్కా. దిండు తీసి విసిరిన. తర్వాత ఇద్దరం నవ్వినం. తర్వాత నేను వంటింట్లకు పోయి ఏడ్చిన. ఆయనకు తెల్వదు.

రాస్తున్నావా అని అడిగావు. లేదు. ఇక రాయను. ప్రయత్నం చేయలేదనుకోకు. మొన్న మా సందులో వాన నీళ్లల్ల టమాటాలు కొట్టుకపోతుంటే చూసి ఫోన్ తీసిన. రెండు మాటలు పెట్టి లైన్ విరిచే కాడికి వచ్చిన. ఆ వరండా యాదికొచ్చింది. మనిషి ఆడ సావబతుకుల మీద ఉంటే ఈడ లైన్ ఎక్కడ విరుద్దామని చూసిన చెయ్యి ఇది. దీంతోని ఇంకేం రాయాలె? నేను నిజం రాసినా ఎవరూ నమ్మని కాడ, ఏది రాసినా ఒకటే.

నీ మీద కోపం పోయింది. ఎప్పుడు పోయిందో చూసుకోలేదు. కానీ రాయమని మాత్రం అడగకు.

కాంతమణి


నేరేడ్‌మెట్
అక్టోబరు 13

కాంతమణీ,

అడుగుతాను. నేను ఒకరు చెప్పిన మాట వినే మనిషినైతే ఆఫీసులో అంతమంది శత్రువులు ఉండేవాళ్లు కాదు.

నీ చేతిని తిట్టుకోకు. ఆ చెయ్యి కవితలా రాసింది కాబట్టే అడ్మిన్ దాటింది. దాటింది కాబట్టే పురుషోత్తం ఫోన్‌లోకి వచ్చింది. నాగసాయి రాసినట్టు రాసి ఉంటే ఉదయ్ భాస్కర్ దగ్గరే ఆగిపోయేది. మీ ఆయన దానిమ్మ రసం కోసం సాధించేవాడు కాదు. నువ్వు విరిచిన ప్రతి విరుపూ పనికొచ్చింది. పనికిరానిది నేను చదివిన చదువు. ఆ తిట్లేవో నాకు పంపు, పోస్టు ఖర్చు నేను పెట్టుకుంటాను.

ఎవరూ నమ్మరన్నావు. అది నిజమే. అన్నీ మెచ్చుకునేవాళ్లకీ, అన్నిట్లో తప్పులు పట్టే నా లాంటి దానికీ మధ్య ఇరుక్కుంటే ఎవరు మాత్రం ఏం నమ్ముతారు? ఇంకో సంగతి చెప్పనా? ఆ గుంపులో నేను ఒక్క కవిత కూడా పెట్టలేదు. నీ కవిత ఏదీ అని నన్ను ఎవరూ అడగలేదు. అడిగితే ఏం చేసేదాన్నో. రాసినవి ఉన్నాయి. నా లాంటి మనిషి ఎవరైనా చదివితే ఎలా అని భయమేసి పెట్టలేదు. నీకు ఆ మాత్రం భయం కూడా లేదు, రోజూ పెట్టేదానివి.

రాయకపోతే పోనీ. టమాటాలు మాత్రం పాపం. వాటిని నువ్వు తప్ప ఎవరూ చూసి ఉండరు.

మీ ఆయనకి చేపల కూర పెట్టకు.

కుసుమక్క


పాత బోయిన్‌పల్లి
అక్టోబరు 27

అక్కా,

ఆయన నిన్నటి నుంచి దుకాణానికి పోతున్నాడు. పోతే చాలు దేవుడా, నా చెవులు చల్లబడతాయని మొక్కుకున్నాను. పోయాడు. చల్లబడ్డాయి. ఇల్లంతా చల్లబడ్డది. నాకు ఇదేం రోగమో తెలియడం లేదు. ఉంటే విసుగు, పోతే పిచ్చి లేస్తున్నది. రోజంతా ఫోన్ పట్టుకొని గడిపేదాన్ని, ఇప్పుడు ఆ గుంపు సుత లేదు. గులాబీల టింగ్ టింగ్ మీద ఎంత కోపమున్నా, అదొక చప్పుడు.

పొద్దున పొయ్యి దగ్గర నిలబడి కాగితం మీద రాసిన. ఫోన్‌లో కాదు. పంపాలా వద్దా అని మూడు దినాల సంది ఆలోచిస్తున్నా అని రాద్దామనుకున్నా కానీ అబద్ధం ఎందుకు, పొద్దున రాసి ఇప్పుడే కవర్‌లో పెడుతున్నా. శీర్షిక లేదు.

మందుల డబ్బా
అటకెక్కింది
ఆయన మార్కెట్‌కు పోయాడు
టీ మాత్రం
రెండు గ్లాసులకే పెట్టాను
ఎవరైనా
ఎవరైనా

దీని మీద నీ అభిప్రాయం రాయి. నోరెత్తనన్నావు కానీ అట్ల వద్దు. శుక్రవారంలెక్కనే, ఉన్నది ఉన్నట్టు.

కాంతమణి


నేరేడ్‌మెట్
నవంబరు 5, బుధవారం

కాంతమణీ,

రెండుసార్లు చదివాను. ఆ తర్వాత పురుషోత్తంలా ఒకసారి చదివాను.

అభిప్రాయం: రెండు 'ఎవరైనా'లూ ఉండాలి. ఒక్కటి తీసినా ఊరుకోను.

ఒకటే లోపం. ఈసారి చివరి మూడు పాదాలు నువ్వే తీసేశావు. ఇల్లు ఎక్కడో, ఎప్పుడు రావాలో, ఏ నంబరుకి చెయ్యాలో. పరవాలేదు. ఇల్లు కవరు మీద ఉంది, నంబరు ఆగస్టు నుంచీ నా దగ్గర ఉంది. ఎప్పుడు అన్నది మాత్రం నిన్ను అడగను. ఈ ఉత్తరం డబ్బాలో వేసి, అటునుంచి అటే బస్సెక్కుతున్నాను. మన పోస్టు సంగతి తెలిసిందే కదా, దీనికంటే ముందు నేనే వస్తాను. ఇది తర్వాత ఎప్పుడో వచ్చినప్పుడు తీరిగ్గా చదువుకో.

నా గ్లాసులో చక్కెర వెయ్యకు.

కుసుమక్క